మూడో సాలులో బెరుకు

27 అక్టోబరు 2024, ఆదివారం

ఎరువుల కొట్టువాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ బియ్యం డబ్బా మీద మూతగా పడి ఉంది. ఇవాళ తీసి దులిపాను. ఎవరితోనూ చెప్పుకోలేని మాట ఒకటి ఉంది గనక.

పొద్దున టిఫిను దగ్గర మామయ్య అన్నారు: "ఈ ఏడు విత్తనపు చేను రెబ్కా చూసుకుంటుంది."

నేను ఇడ్లీ వడ్డిస్తున్నాను. మా ఆయన "సరే నాన్నా" అని ఇంకో రెండు వేయించుకున్నారు. ఆయనకి ఇడ్లీ మెత్తగా ఉంటే చాలు, ఇల్లు ఎటు పోయినా ఫర్వాలేదు.

పదిహేనేళ్ళుగా విత్తనపు చేలో మామయ్య వెనక నడిచింది నేను. అద్దంకి నుంచి సింగరాయకొండ దాకా 'యలమందయ్య కాయ' అంటే తెలియని మిరప రైతు లేడు. ఆ యలమందయ్యగారి కోడల్ని. ఏ మొక్క ఉంచాలో, ఏది పీకాలో ఆయన కర్రతో చూపిస్తే పీకింది ఈ చేతులే. ఎండాకాలంలో ఆయన చూపు పోయింది. కంటి నరం ఎండిపోయిందనీ, ఆపరేషన్ కూడా లేదనీ గుంటూరు డాక్టరు చెప్పాడు. ఇక ఆ చేను నాదేననుకున్నాను. అనుకోవడంలో తప్పేముంది?

రెబ్కా కూలికి వచ్చే మనిషి, కౌలుకి ఓ చెక్క చేసుకుంటుంది. మంచి పనిమంతురాలే, కాదనను. నాకేం బాధ లేదు.

28 అక్టోబరు

నాకేం బాధ లేదు.

3 నవంబరు, ఆదివారం

మా అమ్మాయి హేమశ్రీ ఫోన్ చేసింది. బాపట్లలో అగ్రికల్చర్ చదువుతోంది కదా, సేద్యం మాటలు పోగుచేసి రికార్డు రాయాలట. ఒక్కో మాటకీ అర్థం, ఎట్లా వాడతారో ఒక ఉదాహరణ.

"బెరుకు అంటే ఏంటమ్మా? భయం కాదు, చేలో బెరుకు."

నేను నోరు తెరిచేలోగా, "తాతయ్యకి ఇవ్వు, కరెక్టుగా చెప్తారు" అంది. ఇచ్చాను.

మామయ్య మంచం మీద లేచి కూర్చుని మరీ చెప్పారు. "మనం వేసిన రకం కాకుండా మధ్యలో ఇంకో రకం మొలిస్తే దాన్ని బెరుకంటాం. అది చెడ్డ మొక్కని రాయబాకమ్మా. ఒక్కోసారి మన మొక్క కంటే ఏపుగా ఉంటది. దాని చేలో అది బంగారం. మన విత్తనపు చేలో మాత్రం వద్దు. పూత రాకముందే పీకెయ్యాల. పూసిందా, తేనెటీగ దాని పుప్పొడి తెచ్చి మన పూలకి అంటిస్తది. కాయ చూస్తే తెలవదు. విత్తనం పోస్తే మరుసటి ఏడు తెలుస్తది."

అక్కడితో ఆగితే బాగుండేది. రెబ్కా పాలచెంబు కోసం వచ్చి వసారాలో నిలబడి ఉంది. "ఉదాహరణ రెబ్కాని అడుగు, రోజూ ఆ పనిలో ఉండేది అది" అని ఫోన్ దానికిచ్చారు.

రెబ్కా సిగ్గుపడుతూ, "ఏముందమ్మా హేమా, 'ఇయ్యాల నాలుగు బెరుకులు ఏరేశా' అంటాం, 'ఆ చేలో బెరుకు ఎక్కువుంది' అంటాం" అని చెప్పింది. నా కూతురు "థాంక్యూ ఆంటీ, మీ పేరు రాస్తాను" అంది. స్పీకరులో అందరికీ వినబడింది.

నన్ను అడిగితే అంతకంటే మంచి ఉదాహరణ చెప్పేదాన్ని. ఇంటి మనుషుల మధ్య కూలిమనిషి నిలబడి ఫోన్ మాట్లాడితే దాన్నీ అదే అంటారని చెప్పేదాన్ని. రాశాక చదువుకుంటే బాగాలేదు. కొట్టెయ్యను, ఉండనీ. ఎవరు చూడొచ్చారు?

6 నవంబరు, బుధవారం

మోటారు వేయడానికి వెళ్ళాను. విత్తనపు చేను అరెకరమే. చుట్టూ నాలుగు వరసల జొన్న, పక్క చేల మిరప పుప్పొడి లోపలికి రాకుండా. జొన్న దాటి లోపలికి వెళ్ళి ఊరికే చూశాను.

మోటారు వైపు నుంచి మూడో సాలులో, గట్టుకి పది అడుగుల్లో, బెరుకు.

అనుమానం లేదు. ఆకు వెడల్పు, కణుపు కణుపుకీ ఊదా మచ్చ, పక్క మొక్కల మీద జానెడు ఎత్తు. ఇంకా మొగ్గ లేదు. రెబ్కా నిన్ననే ఈ చేను మొత్తం తిరిగింది. 'శుభ్రంగా ఉందయ్యా' అని మామయ్యకి చెప్పి వెళ్ళింది.

శుభ్రంగా ఉందట!

పీకడానికి వంగి, ఆగాను. నాకెందుకు? చేను చూసేది రెబ్కా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

7 నవంబరు

ఉంది.

9 నవంబరు

ఉంది. రెబ్కా ఇవాళ రెండో సాలులో నడిచింది. రెండో సాలు! పక్కనే. నేను మోటారు దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

12 నవంబరు

మంగళవారం రెబ్కా తిరిగే రోజు. ఈ రోజైనా కళ్ళు తెరుస్తుందనుకున్నాను. మూడో సాలులోకి వచ్చింది. మొక్క దగ్గర ఆగింది కూడా. వంగి చూసింది. తర్వాత తల ఎత్తి నా వైపు చూసి, చక్కగా ముందుకు వెళ్ళిపోయింది.

చూసి కూడా పోల్చుకోలేదు. అదీ మామయ్య ఏరి కోరి పెట్టుకున్న కన్ను.

ఇవాళ చాలా రోజుల తర్వాత నాకు బాగా ఆకలి వేసింది.

15 నవంబరు, కార్తీక పున్నమి

దీపాలు పెట్టి వచ్చాక మామయ్యకి పాలు ఇస్తూ అడిగేశాను. నోట్లో నువ్వుగింజ నానదు నాకు.

"మామయ్యా, నా పనిలో తప్పేం చూశారు?"

ఆయన గ్లాసు పక్కన పెట్టారు. "పోయినేడు రెబ్కా ఐదు మంచి మొక్కలు పీకేసింది. సాయంత్రం ఆ ఐదూ పట్టుకొచ్చి నా ముందు పెట్టి, పొరపాటైందయ్యా అంది. గుర్తుందా?"

"గుర్తుంది."

"పదిహేనేళ్ళలో నువ్వు ఒక్క పొరపాటూ చెప్పలేదమ్మా."

"చెయ్యలేదు గనక చెప్పలేదు మామయ్యా."

"అదే నా భయం" అన్నారు.

చూశావా డైరీ? తప్పు చేసినవాళ్ళకి చేను, చేయనివాళ్ళకి చీవాట్లు. కలికాలం అని ఊరికే అన్నారా? ఆ ఐదు మొక్కలూ పట్టుకొచ్చి ఏడుపు మొహం పెట్టినప్పుడే నాకు తెలుసు, ఈవిడ మామయ్యని బుట్టలో వేసుకుంటుందని.

డిసెంబరులో విత్తనం అడిగిన రైతులు వస్తారు. పిందె మీద ఉండగా చేను చూపించిగానీ మామయ్య ఎవరికీ మాటివ్వరు. చేను దాచిపెట్టి విత్తనం ఇచ్చేవాడు దొంగ అంటారు. అందరూ సాలు సాలుకీ నడుస్తారు. నడవనీ. అప్పుడు తెలుస్తుంది ఎవరి కన్ను ఏపాటిదో.

19 నవంబరు

పూసింది. మన పువ్వులాగే తెల్లగా.

20 నవంబరు

తేనెటీగలు. ఆ మొక్క మీద మూడు లెక్కపెట్టాను. అక్కణ్ణుంచి పక్క మొక్క మీదికి, అక్కణ్ణుంచి నాలుగో సాలులోకి. మామయ్య ఫోనులో చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. ఒక్క మొక్కే కదా. అరెకరంలో ఒక్క మొక్క.

ఇవాళైనా చెప్పొచ్చు. చెబితే 'రెబ్కా చూడలేదు, కోటేశ్వరి చూసింది' అంటారా? అనరు. 'ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు' అంటారు.

24 నవంబరు, ఆదివారం

కలుపు తీతకి మనుషుల్ని పెట్టారు. వాళ్ళు కలుపుతో పాటు దాన్నీ లాగేస్తారేమోనని పొద్దుటి నుంచి మూడో సాలు దగ్గరే నిలబడ్డాను. మొక్కలు విరగ్గొడతారేమోనని నిలబడ్డాను. అది కూడా నిజమే.

సాయిలక్ష్మి పిన్ని గట్టు మీద నుంచి అరిచింది, "ఏంటే కోటేశ్వరీ, ఎండలో కాపలా? రెబ్కా లేదని నువ్వొచ్చావా?"

లేదని నేనొచ్చానా! ఆదివారం, చర్చికి పోయిందిలే అన్నాను. ఆ మాటలో ఏముందో పిన్ని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

30 నవంబరు

తుపాను గాలి. సాయంత్రం వాన తెరిపి ఇవ్వగానే చేలోకి వెళ్ళాను. చేనంతా బాగానే ఉంది. అదొక్కటి ఒరిగింది, ఎత్తు ఎక్కువ గదా. కందికంప పుల్ల ఒకటి పాతి, పాత చీర పీలికతో కట్టి నిలబెట్టాను.

ఎందుకు కట్టానో ఇక్కడ రాయాలి. పడిపోయిన మొక్కని ఎవరైనా నిలబెడతారు. అంతే.

4 డిసెంబరు

మా ఆయన అడిగారు, "రోజూ మోటారు నువ్వే వేస్తున్నావేం? నేను పోతాగా" అని. నడక మంచిదని డాక్టరు చెప్పాడన్నాను. ఏ డాక్టరు అని కూడా అడగలేదు పిచ్చి మారాజు.

8 డిసెంబరు

పిందె పడింది. మన కాయ కిందికి వేలాడుతుంది. దాని పిందెలు గుత్తులుగా పైకి నిలబడ్డాయి. ఇక గుడ్డివాళ్ళకి కూడా తెలుస్తుంది. మామయ్య గుర్తొచ్చి ఈ మాట కొట్టేశాను. కొట్టేసినా కనబడుతోంది.

రెబ్కా మొన్న మంగళవారం కూడా దాని పక్కనుంచే వెళ్ళింది. గుర్తుపట్టలేకపోవడం వేరు, పైకి నిలబడ్డ కాయ కూడా కనబడకపోవడం ఏమిటి? ఒక్క క్షణం అనుమానం వచ్చింది. మళ్ళీ పోయింది.

14 డిసెంబరు

ఇవాళ పీకేద్దామనుకున్నాను. నిజంగానే. రాత్రి కలలో చేనంతా కాయలు పైకి నిలబడి ఉన్నాయి. లేవగానే వెళ్ళాను. మొదలు పట్టుకున్నాను. జొన్నలో అలికిడి. రెబ్కా.

"ఏం అమ్మగారూ, ఇంత పొద్దున్నే?"

"ఊరికే."

చెయ్యి తీసేశాను. అది మొక్క వైపు చూసి, నా వైపు చూసి, "బాగా కాసింది" అంది. వెక్కిరింపో అమాయకత్వమో తెలియలేదు. నేను విసవిసా వచ్చేశాను.

23 డిసెంబరు, సోమవారం

రైతులు వచ్చారు. పదకొండు మంది. అద్దంకి అవతల నుంచి బాజీ వచ్చాడు, ఏటా వచ్చేవాడే. మామయ్య ఒక చెయ్యి మా ఆయన భుజం మీద, ఒక చెయ్యి కర్ర మీద వేసి గట్టు మీద నిలబడ్డారు. తెల్ల చొక్కా వేసుకున్నారు. రెబ్కా కూడా మంచి చీర కట్టుకుని వచ్చింది. నేను మజ్జిగ బిందె పట్టుకుని నిలబడ్డాను.

వాళ్ళు మొదటి సాలు నడిచారు. రెండోది నడిచారు. మూడో సాలులో బాజీ గొంతు లేచింది.

"ఇదేంది పెద్దయ్యా? ఆకాశం వంక చూస్తా కాసింది ఈ కాయ?"

అందరూ మూగారు. మామయ్య మొహం గొంతు వచ్చిన వైపు తిరిగింది. "ఏం కాయ? ఎట్టా ఉంది?"

"బెరుకు, పెద్దయ్యా. పూసి, కాసి, గుత్తులు గుత్తులుగా ఉంది. పుల్ల పాతి కూడా కట్టారు."

నలభై ఏడు రోజులు ఈ క్షణం కోసం కాచుకున్నాను. వచ్చాక చూస్తే, నేను చూస్తున్నది రెబ్కాని కాదు, మామయ్యని. నలభై ఏళ్ళలో ఎవరూ ఆయన చేలో వంగి ఆ మాట అనలేదు. సిగ్గుతో ఆయన తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చూపు లేని కళ్ళు అటూ ఇటూ తిప్పారు.

"రెబ్కా" అన్నారు.

రెబ్కా నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో తెలియదు. తర్వాత, "నాదే పొరపాటయ్యా" అంది.

నేను దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. మజ్జిగ ఎవరూ తాగలేదు. జనవరి ఒకటిన రండి, ఏం చేసేదీ చెబుతానని మామయ్య వాళ్ళని పంపేశారు. వెళ్తూ వెళ్తూ ఒకాయన, "కూలోళ్ళ మీద వదిలేస్తే ఇంతే" అన్నాడు. అక్టోబరు నుంచి నేను వినాలనుకున్న మాట అదే. అది విన్నాక బిందెలో మజ్జిగంతా గట్టు కింద పారబోశాను.

24 డిసెంబరు

రెబ్కా పనిలోకి రాలేదు. పండగ పనులుంటాయి.

25 డిసెంబరు

ప్రతి క్రిస్మస్‌కీ రెబ్కా ఇంటి నుంచి అరిసెలు వస్తాయి. మధ్యాహ్నం దాకా గుమ్మం వైపు చూశాను. రాలేదు. రాకపోతే నాకు కోపం వచ్చింది! నా సిగ్గు చూడు.

ఆ చూపు ఏమిటి? 'నాదే పొరపాటు' అనే ముందు నా వైపు ఎందుకు చూసింది?

27 డిసెంబరు, శుక్రవారం

రెబ్కా ఇంటికి వెళ్ళాను. నా పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ గుమ్మం తొక్కడం ఇదే మొదటిసారి. ప్లాస్టిక్ కుర్చీ కొంగుతో తుడిచి వేసింది. తను గడప మీద కూర్చుంది.

అడిగాను. "ఆ మొక్క నీకు కనబడలేదా?"

"కనబడకేం అమ్మగారూ? ఆకు మీదే తెలిసింది."

"మరి పీకలేదేం?"

రెబ్కా నన్ను వింతగా చూసింది. "మీరే ఉంచుకున్నారనుకున్నా. రోజూ పొద్దున్నే దాని దగ్గర నిలబడి చూస్తుండేవాళ్ళు గదా. కలుపు తీసిన రోజు దాన్ని ఎవరూ ముట్టకుండా ఎండలో నిలబడ్డారంట, సాయిలక్ష్మిగారు చెప్పింది. గాలివానప్పుడు పుల్ల పాతి కట్టారు. ఏదో కొత్త రకం, పెద్దయ్యా మీరూ అనుకునే ఉంచారేమో అనుకున్నా."

అది నన్నే చూస్తోంది.

"అడగొచ్చుగా రెబ్కా?"

"ఎట్టా అడగను? మీ చేను. మీ కంటికి తెలియని మొక్క లేదని పెద్దయ్య ఎప్పుడూ అంటారు. మా కోడలు చూపే నాకు చూపు అంటారు. ఆ మాట విని విని, మీరు నిలబెట్టిన మొక్కని పీకే ధైర్యం నాకు లేకపోయింది."

మామయ్య నా గురించి అంత మాట అన్నారని నాకు తెలియదు. నాకెప్పుడూ చెప్పలేదు ఆయన. ముసలాయన నోట్లో ముత్యాలున్నాయని పళ్ళు బిగించుకు కూర్చున్నారా? ఆ ఒక్క మాట నా మొహాన అని ఉంటే.

"మరి అందరి ముందూ నీ పొరపాటని ఎందుకన్నావు?"

"అనుమానం వచ్చి కూడా అడగలా. అది పొరపాటే గదా. ఇంతకీ ఎందుకు ఉంచారమ్మగారూ దాన్ని?"

అబద్ధం చెప్పడానికి నాలుగు దార్లు కనిపించాయి. ఎందుకో ఒక్కటీ నోటికి రాలేదు.

"నిన్ను చూసి ఓర్వలేక" అన్నాను.

"నన్నా?" రెబ్కా నవ్వింది. రేకుల కప్పు వైపు, దండెం మీద ఆరేసిన రెండు చీరల వైపు, పగిలిన నీళ్ళ తొట్టి వైపు చూసి మళ్ళీ నవ్వింది. "నన్ను చూసి కుళ్ళుకోవడానికి నా దగ్గర ఏముందమ్మగారూ?"

ఆ నవ్వు ఆగాక దాని మొహం మారిపోయింది. అంత కోపం రెబ్కా మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

"ఊళ్ళో అందరూ రెబ్కా కళ్ళు పోయినయ్యంటన్నారు. బెరుకుల ఏరివేతకి పిలిచినోళ్ళు రావద్దన్నారు. నాకు ఆ కన్ను తప్ప ఇంకేం ఉంది? ఎంతమంది ముందు నా పేరు పోయిందో అంతమంది ముందు చెప్పండి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

చెబుతానన్నాను.

28 డిసెంబరు

చెప్పలేదు.

29 డిసెంబరు

మామయ్య అన్నం సరిగా తినడం లేదు. పళ్ళెం ముందు పెట్టుకుని, "ఊదా కణుపు ఉండే ఉంటది, ఎట్టా తప్పిపోయిందో" అని తనలో తాను అనుకుంటున్నారు. పెరుగు వేసి వచ్చేశాను.

31 డిసెంబరు

మా ఆయనకి చెప్పాను, మామయ్యకి కాదు. ఆయన "ఎవరితోనూ అనకు, రెబ్కాకి ఏదో ఒకటి ఇద్దాం" అన్నారు. పెళ్ళైన ఇరవై ఏళ్ళలో మొదటిసారి నన్ను వెనకేసుకొచ్చారు. దీనికా?

1 జనవరి 2025

అందరూ వచ్చారు. బాజీ కేకు కూడా తెచ్చాడు. రెబ్కా గేటు బయటే నిలబడింది, లోపలికి రాలేదు.

మామయ్య గొంతు సవరించుకునేలోగా నేను ముందుకి వచ్చాను. ఏం చెప్పానో వరసగా గుర్తులేదు. చూశాననీ, చూసి ఊరుకున్నాననీ, పుల్ల పాతింది నేనేననీ చెప్పాను. రెబ్కా తప్పు లేదని రెండుసార్లు చెప్పాను.

మామయ్య ఒక్కొక్కటిగా అడిగారు.

"పూత రాకముందే చూశావా?"

"చూశాను."

"పూసినాక?"

"చూశాను మామయ్యా."

"తేనెటీగలు వాలటం?"

"చూశాను."

"ఎన్నాళ్ళు?"

"నలభై ఏడు రోజులు."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన తల వంచుకుని, "కాయ ఎంత పొడుగుంది దానిది?" అని అడిగారు. నా బొటనవేలంత అన్నాను. "గుత్తికి ఎన్ని?" అయిదారు అన్నాను. "కారం చూశావా?" లేదన్నాను. బెరుకైనా సరే, మొక్కంటే ఆయనకి ఎంత ఆశో! అప్పుడు ఏడుపు వచ్చింది నాకు.

తర్వాత రైతుల వైపు తిరిగి చెప్పారు. ఈ చేలో కాయంతా మామూలు కాయగా మిరప యార్డుకి పోతుంది. ఒక్క గింజ విత్తనంగా ఎవరికీ ఇవ్వరు. పోయినేటి విత్తనం కుండలో రెండు శేర్లు మిగిలి ఉంది, శుద్ధమైనది అదొక్కటే. అది రెబ్కాకి.

"నువ్వు కౌలుకి తీసుకున్న చేలో నారు పొయ్యి రెబ్కా. కావలసినోళ్ళు నీ దగ్గరే తీసుకుంటారు. నా కంటితో అయ్యేది అయిపోయింది, ఇక నీ చేతిలో ఉంటది."

"నాన్నా, మన ఇంటి విత్తనం..." అన్నారు మా ఆయన.

"విత్తనం ఇంటిది కాదురా, చూసుకునేవాళ్ళది" అన్నారు మామయ్య. నన్ను పిలిచి, "కుండ తెచ్చి నీ చేత్తో ఇవ్వమ్మా" అన్నారు.

ఇచ్చాను. రెబ్కా గేటు దాటి వచ్చి రెండు చేతులా అందుకుంది. నా మొహం చూడలేదు. నేనూ చూడలేదు. కుండ దాని చేతుల్లోకి పోయేటప్పుడు ఒక్క క్షణం నేను వదల్లేదు. అది కూడా రాయాలి గనక రాస్తున్నాను.

26 ఆగస్టు 2025, మంగళవారం

ఎనిమిది నెలలు ఇది తెరవలేదు. తెరవాల్సిన పని ఉండదనుకున్నాను.

మాకూ నారు కావాలి కదా. మా ఆయన మొహమాటపడి వెళ్ళలేదు. మామయ్య, "నువ్వు పో అమ్మా" అన్నారు. వెళ్ళాను. రెబ్కా నారుమళ్ళ దగ్గర ఆరుగురు రైతులు నిలబడి ఉన్నారు, బాజీ కూడా. అందరూ "రెబ్కమ్మా" అని పిలుస్తున్నారు. రెబ్కమ్మ! నేను వాళ్ళ వెనక నిలబడ్డాను.

నా వంతు వచ్చింది. ముందు నన్ను గుర్తుపట్టనట్టే ఉండి, తర్వాత "పెద్దయ్య ఎట్టున్నారు?" అని అడిగింది. బాగున్నారన్నాను. నారు లాగి, వేళ్ళకి మట్టి విదిలించి, కట్ట కట్టబోతూ మూడు మొక్కలు తీసి పక్కన పడేసింది.

"ఏం, అవి?"

"బెరుకమ్మగారూ. వద్దు."

వంగి చూశాను. పక్కనున్న వాటికీ వీటికీ తేడా ఏమీ లేదు. అదే ఆకు, అదే కాడ. పదిహేనేళ్ళు ఆ పని చేసిన కన్ను నాది. తేడా ఏమిటని అడగొచ్చు. అడిగితే చెప్పేది కూడా, అది దాచుకునే మనిషి కాదు. వెనక బాజీ నిలబడి ఉన్నాడు. అడగలేదు.

రెబ్కా అటు తిరగగానే ఆ మూడూ తీసి కొంగున వేసుకున్నాను.

ఇప్పుడే పెరట్లో, అరటి పక్కన నాటి వచ్చాను. అక్కడైతే మామయ్య చెయ్యి తగలదు, మా ఆయన కంటబడదు. మూడూ యలమందయ్య కాయే కాయాలనీ, రెబ్కా తప్పని తేలాలనీ నీళ్ళు పోస్తూ మొక్కుకున్నాను. తర్వాత సిగ్గేసింది. సిగ్గేసింది గానీ, మొక్కు మాత్రం వెనక్కి తీసుకోలేదు.